వరద బండి కాదని మురిసిపోయి పుట్టీ బండి కొన్నాను: సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు జాగ్రత్త

కారు కొని ఎనిమిది నెలలైంది. టింకరింగ్‌కే, అంటే బాడీ రేకు పనికే, ఇప్పటికి యాభై ఎనిమిది వేలు అయ్యాయి. ఇంకొకరు ఇలా ఇరుక్కోకూడదని రాస్తున్నాను. ఏ కంపెనీ కారో చెప్పను, తప్పు కంపెనీది కాదు. అమ్మిన పాత కార్ల కన్సల్టెన్సీ పేరు కూడా రాయను. ఇలాంటి పని చేసేది ఆ ఒక్క షాపే అయితే పేరు రాసి ఊరుకునేవాణ్ని.

మాది విజయవాడ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి కదా. అప్పటినుంచి ఇక్కడ పాత బండి కొనేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "వరద బండి కాదు కదా?" 2025 ఏప్రిల్‌లో నేనూ అదే అడిగాను. 2017 మోడల్ డీజిల్ సెడాన్, సిల్వర్ కలర్, సింగిల్ ఓనర్, గుంటూరు బండి, నాలుగు లక్షల అరవై వేలు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూశాను. కార్పెట్ ఎత్తి వాసన చూశాను. సీట్ల కింద టార్చ్ వేసి తుప్పు వెతికాను. ఏమీ లేదు. ఎంత తెలివిగా చూశానో అని లోలోపల మురిసిపోయాను కూడా. నీళ్ల గురించి అంత ఆరా తీసినవాణ్ని, ఎక్కడైనా గుద్దారా అని మాత్రం ఒక్క మాట అడగలేదు.

బండి చూపించింది సాయంత్రం ఆరున్నరకి, అప్పుడే కడిగి. ఇంకా నీళ్లు కారుతున్నాయి. తడిగా ఉన్న బండి మీద పెయింట్ లోపాలు కనపడవని ఇప్పుడు తెలుసు, అప్పుడు "ఏం మెరుస్తోందిరా" అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "వెనక ఎడమ పక్క రంగు కాస్త తేడాగా లేదూ?" అంది. లైటు తేడా అమ్మా అన్నాడు షాపతను. నేనూ వంత పాడాను. ఆ సంగతి మా ఇంట్లో వారానికోసారైనా ఇప్పటికీ వినపడుతుంది.

జూలై వానలకి డిక్కీలో ముక్కిన వాసన మొదలైంది. మ్యాట్ ఎత్తితే స్టెప్నీ గుంటలో రెండు చెంబుల నీళ్లు. డిక్కీ రబ్బరు పోయిందనుకుని మార్పించాను, తగ్గలేదు. సెప్టెంబర్‌కి వెనక ఎడమ చక్రం పైన పెయింట్ బియ్యపు గింజల్లా ఉబ్బింది. గోటితో నొక్కితే పగిలి ఎర్రటి నీళ్లు వచ్చాయి. అప్పుడు తీసుకెళ్లాను ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గరికి.

పెద్దాయన. ఏమీ అడగలేదు. ముందు డోరు మీద వేలి కణుపుతో కొట్టాడు, టంగ్‌మంది. తర్వాత వెనక రేకు మీద కొట్టాడు, దబ్బుమంది. "ఇది రేకు కాదు బాబూ, గోడ" అన్నాడు. గ్రైండర్ పెట్టగానే తెల్లపొడి లేచింది. కొన్నిచోట్ల చిటికెన వేలంత మందాన పుట్టీ, అదే, రంగుకి ముందు రేకు మీద పూసే ముద్ద. దాని కింద వేరే బండి నుంచి కోసుకొచ్చిన ముక్క, అక్కడొక వెల్డింగ్ టాకా ఇక్కడొక టాకా వేసి అతికించింది. అతుకు సందుల్లో సీలెంట్ లేదు, లోపల ప్రైమర్ లేదు. వాన నీళ్లు తిన్నగా ఆ సందుల్లోంచే స్టెప్నీ గుంటలోకి దిగుతున్నాయి. "పుట్టీ పెట్టడం తప్పు కాదు బాబూ, నేనూ పెడతాను. నొక్కు బయటికి లాగి రేకు సాపు చేశాక చివర్లో పల్చగా పూయాలి. వీళ్లు నొక్కు తీయకుండా గుంట పూడ్చారు" అని చెప్పాడు. అంత మందాన పెట్టిన పుట్టీ బండి అదురుకి పగులుతుంది, పగులులోంచి తడి పీలుస్తుంది, కింద రేకు ఎవరికీ కనపడకుండా తుప్పు పడుతుంది. పైన పెయింట్ ఉబ్బేసరికే లోపల చిల్లులు పడి ఉంటాయి.

పని జరిగిన వారం రోజులూ అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ. మేస్త్రి బాబాయ్ పని చేస్తూనే కొనే ముందు ఏం చూడాలో చెప్పాడు, కొన్ని చేయి పట్టుకుని చూపించాడు.

అన్నిటికంటే ముందు ఆయన బానెట్ ఎత్తించాడు. ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు), బానెట్, డోర్లు, డిక్కీ మూత బోల్టులతో బిగించేవి. కంపెనీలో ఆ బోల్టుల మీద కూడా బాడీ రంగే పడుతుంది. స్పానర్ పెట్టి విప్పితే బోల్టు అంచుల్లో రంగు లేస్తుంది. అలా లేస్తే ఆ భాగం ఎప్పుడో విప్పారని అర్థం. అంతమాత్రాన బండి వదిలేయక్కర్లేదు. ఫెండర్ మార్చడం, బంపర్‌కి రంగేయడం మామూలే. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగి కూడా బంపర్‌కి గీత పడలేదంటే నేనైతే నమ్మను. వాటికి బేరమాడండి చాలు.

భయపడాల్సింది వెల్డింగ్‌తో ఉండే భాగాల గురించి. వెనక డోరు దాటాక చక్రం మీదుగా డిక్కీ దాకా ఉండే రేకు, పైకప్పు, డోర్ల మధ్య పిల్లర్లు, డిక్కీ అడుగు, ఇంజన్‌కి అటూ ఇటూ ఉండే ఆప్రాన్, చాసీ. వీటిని మార్చాలంటే కోయాలి, మళ్లీ అతకాలి. అక్కడ నాసిరకం పని కనపడితే ధర ఎంత తగ్గించినా వద్దు.

అది కనిపెట్టడం అనుకున్నంత కష్టం కాదు. డోరు తెరిచి అంచున ఉన్న రబ్బరు బీడింగ్‌ని చేత్తో లాగండి, ఊడి వస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, వరసగా, ఇంచుమించు సమాన దూరంలో కనపడాలి. నా బండికి కుడివైపు అలాగే ఉన్నాయి. ఎడమవైపు చుక్కలే లేవు, పుట్టీతో నున్నగా పూసేశారు, కింద గ్రైండర్ గీతలు. ఏప్రిల్‌లో ఆ రబ్బరు లాగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. అమ్మేవాడు "రబ్బరు లాగకండి సార్, పాడవుతుంది" అంటే మరీ లాగండి.

రబ్బర్ల మీద, పెట్రోలు మూత లోపల, లైట్ల అంచుల్లో రంగు తుంపర పడిందా చూడండి. గోరుతో రాస్తే గరగరలాడుతుంది. డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీయించండి, ఆ గుంట అడుగు ముడతలు పడి ఉంటే వెనక నుంచి గట్టిగా తగిలిందని అర్థం. పాత బండి అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ నిగనిగలాడుతుంటే దేన్ని దాస్తున్నారో అడగండి. అద్దాలన్నిటి మీదా తయారైన ఏడాది సూచించే అంకెలుంటాయి. ఒక్కటి మాత్రం మిగతావాటితో కలవకపోతే ఆ వైపు ఇంకాస్త వెతకండి.

ఫ్రిజ్‌కి అంటించే పల్చటి అయస్కాంతం పట్టుకెళ్లండి, పల్చని గుడ్డ చుట్టి. మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్‌కి ఎలాగూ అంటదు, అక్కడ కంగారుపడకండి. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది. రెండోసారి రంగేస్తే 200 దాటుతుంది. నా బండికి పైకప్పు మీద 110, ఆ వెనక రేకు మీద 900 పైన.

కాగితాల్లోనూ ఆనవాళ్లు దొరుకుతాయి. పాత ఇన్సూరెన్స్ పాలసీ చూపించమనండి, కొత్తగా కట్టింది కాదు. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఒకే ఓనర్ దగ్గరున్న బండికి అది సున్నా ఉంటే ఎందుకని అడగండి. నాకు పాత పాలసీ "ఎక్కడో మిస్ అయింది" అన్నారు. క్లెయిమ్ పెట్టకుండా చేతి డబ్బుతో చేయించిన పని అందులో కనపడదు కాబట్టి కాగితం బాగున్నా రబ్బరు లాగడం మానకండి.

ఫోటోలు తీసుకుని కన్సల్టెన్సీకి వెళ్లాను. అతను కేకలేమీ వేయలేదు, టీ తెప్పించాడు. డెలివరీ నోట్ తీసి నా సంతకం చూపించాడు. బండి ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని, సంతృప్తిపడి తీసుకున్నానని దాని మీద ఉంది. "నచ్చే కదా సార్ కొన్నారు" అన్నాడు. ఆ రోజు ఆ లైను నేను చదవలేదు. మీరు చదవండి. పెద్ద యాక్సిడెంట్ పని జరగలేదని అతని చేత రాయించుకుని, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి. అలా రాయనంటే అతనికి అసలు సంగతి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు బండి అమ్మకానికి పెట్టాను. పుట్టీ తీసినప్పటి ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి, వచ్చినవాళ్లకి ముందే చూపిస్తున్నాను. ఇద్దరు చూసి వెళ్లిపోయారు. మూడో ఆయన అరగంట చూసి, ఎడమవైపు రబ్బరు తనే లాగి, మూడు లక్షల పదికి అడిగాడు. ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.