కామికత్సు: చెత్తబండి రాని ఊరు

జపాన్‌లోని షికోకు దీవిలో, తొకుషిమా నగరం నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే కొండల నడుమ కామికత్సు వస్తుంది. జనాభా 1,500 లోపే. వారిలో సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల అమలుకు 2018లో జపాన్ ప్రభుత్వం తొలి విడతగా ఎంపిక చేసిన 29 ప్రాంతాల్లో యొకొహామా, సప్పొరో వంటి మహానగరాల సరసన ఈ చిన్న ఊరు కూడా నిలిచింది. ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాల రంగుల బిళ్లలు ఈ రోజుల్లో ఎన్నో కార్యాలయాల గోడల మీద కనిపిస్తున్నాయి. వాటి వెనక పని ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనుకునేవారు కామికత్సు వెళ్లాలి.

ఇక్కడ చెత్తబండి తిరగదు. ఎవరి చెత్తను వారే కడిగి, ఆరబెట్టి, కేంద్రానికి తెచ్చుకుంటారు. వాహనం లేని వృద్ధుల ఇళ్ల నుంచి తీసుకువచ్చే ఏర్పాటు వేరే ఉంది. వంటింటి తడిచెత్త గడప దాటదు, ఇంట్లోనే ఎరువవుతుంది. ఇదంతా అవసరం నేర్పిన పద్ధతే. ఒకప్పుడు బహిరంగ గుంటలో అన్నీ కలిపి తగలబెట్టేవారు. 1998లో రెండు చిన్న దహన యంత్రాలు పెట్టుకున్నారు. చెత్త కాల్చినప్పుడు వెలువడే డయాక్సిన్ అనే విషపదార్థంపై నిబంధనలు కఠినమయ్యేసరికి కొద్ది కాలానికే వాటిని మూసేయవలసి వచ్చింది. కొత్తవి కొనే స్తోమత ఊరికి లేదు. అందుకే వేరుచేయడం మొదలుపెట్టి, 2003లో చెత్తే మిగలని ఊరుగా మారతామని జపాన్‌లో అందరికంటే ముందు ప్రకటించారు.

2020లో కట్టిన జీరో వేస్ట్ కేంద్రాన్ని తీరికగా చూడండి. పైనుంచి చూస్తే ప్రశ్నార్థకం ఆకారంలో ఉంటుంది. ఊరివాళ్లు ఇచ్చిన దాదాపు 700 పాత కిటికీలతో గోడలు అమర్చారు. లోపల చెత్తను 40కి పైగా రకాలుగా వేరుచేస్తారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం డబ్బాల మీది పలకలు. ఆ వస్తువు ఎక్కడికి వెళ్తుంది, ఏమవుతుంది, కిలోకు ఊరికి ఎన్ని యెన్‌లు వస్తాయి, లేదా ఎన్ని ఖర్చవుతాయి, అన్నీ రాసి ఉంటాయి. చివర్లో ‘తప్పనిసరై కాల్చవలసినవి’ అని ఒక విభాగం. దాన్ని దాచకుండా పెట్టినందుకు ఈ ఊరి మీద నాకు గౌరవం పెరిగింది. దేశమంతటా రీసైక్లింగ్ 20 శాతం దగ్గర ఉంటే ఇక్కడ 80 శాతం దాటింది. అయినా 2020 నాటికి చెత్తే మిగలకుండా చేస్తామన్న మాట నెరవేరలేదు. డైపర్లు, కొన్ని రకాల చెప్పులు, కలగలుపు పదార్థాలతో చేసిన వస్తువులు మిగిలిపోతున్నాయి. అవి తయారీదారులు మారితే తప్ప తీరే చిక్కులు కావు. ఊరు 2030 లక్ష్యంగా మరో ప్రకటన చేసుకుంది.

బస కోసం అదే ఆవరణలో, ప్రశ్నార్థకం కింది చుక్క స్థానంలో, ‘హోటల్ వై’ (WHY, అంటే ‘ఎందుకు’) ఉంది. గదులు నాలుగే కాబట్టి చాలా ముందుగా చూసుకోవాలి. బ్రష్షు, రాత్రి దుస్తులు మనమే తెచ్చుకోవాలి. సబ్బు మనకు ఎంత కావాలో అంతే కోసి ఇస్తారు. మనం చేసిన చెత్తను మరుసటి ఉదయం మనమే వేరుచేయాలి. నేను తీసుకువెళ్లిన ఆవకాయ ప్యాకెట్టు అక్కడ పరీక్షకు నిలిచింది. నూనె పూర్తిగా వదిలితేనే ప్లాస్టిక్‌లో చేరుతుంది, లేకపోతే కాల్చే డబ్బాలోకే. వేడినీళ్లతో ఓపికగా కడిగాను. పిల్లలతో వెళ్లేవారికి ఈ ఉదయం ఒక్కటే ప్రయాణానికి తగిన ఫలం. హాయిగా కాళ్లు చాపుకోవాలనుకునేవారికి నది పక్కన ఉన్న త్సుకిగతాని వేడినీటి బస నయం.

పక్కనే ‘కురుకురు’ దుకాణం. ఊరివాళ్లు తమకు అక్కర్లేని గిన్నెలు, బట్టలు పెడతారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. తూకం వేసి రాసి వెళ్తే చాలు.

ఊరి సంపాదన కథ కూడా తెలుసుకోదగ్గదే. 1981 చలికి నారింజ తోటలు చచ్చిపోయాయి. 1986లో వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసే తొమోజి యొకొఇషి చొరవతో, భోజన పళ్లేల అలంకరణకు కొండ ఆకులు అమ్మే ‘ఇరొదొరి’ వ్యాపారం మొదలైంది. మనం విస్తరిని ఎంచుకున్నంత శ్రద్ధగా అక్కడి అవ్వలు మేపుల్ ఆకుల పరిమాణం, రంగు చూసి ఏరుతుంటారు. టాబ్లెట్‌లో ఆర్డర్లు చూసుకుంటారు. వృద్ధులకు పని, ఆదాయం, గౌరవం ఒకేసారి దొరికిన ఇలాంటి చోటు నేను మరొకటి చూడలేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రవాణా బలహీనం. తొకుషిమా నుంచి బస్సులో యొకొసె నిషి దాకా వచ్చి, అక్కడ ఊరి బస్సు మారాలి. అవి కొద్దిసార్లే తిరుగుతాయి. భారత్‌లో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి జపాన్‌లో చెల్లుతుంది, అక్కడా ఎడమవైపే నడపాలి కాబట్టి కారు అద్దెకు తీసుకోవడం మేలు. శాకాహారులకు తిండి కష్టం. కూరగాయల పులుసులోనూ చేప రసం ఉంటుంది, ముందుగానే అడగండి. ‘రైజ్ అండ్ విన్’ బీరు శాల పాత కిటికీలతో కట్టిన అందమైన చోటు. రసం తీసేసిన యుకో అనే నిమ్మజాతి పండ్ల తొక్కలను అక్కడ బీరులో వాడతారు. తాగనివారు కట్టడం చూసి, కషిహరా మెట్ల పొలాల వైపు సాగిపోవచ్చు.

పరుగున వచ్చి ఫొటోలు తీసుకుని పోయేవారికి ఈ ఊరు ఏమీ ఇవ్వదు. పురపాలక ఉద్యోగులు, స్వయంసహాయక సంఘాల మహిళలు, ఉపాధ్యాయులు వెళ్తే కనీసం ఒక రాత్రి ఉండండి. ఉదయం ఊరివాళ్లు సంచులతో వచ్చే వేళకు కేంద్రంలో ఉంటే ఆ పలకల మీది లెక్కలన్నీ వాళ్ల చేతుల్లో జరగడం చూడవచ్చు.