అందరికీ ఒకే యోగానా, మనిషిని బట్టి మారే యోగానా: ఏది మేలు?

యోగా క్లాసు వెతుక్కునేవాళ్లు ముందు అడిగేవి మూడు: ఫీజు ఎంత, టైము ఎప్పుడు, ఇంటికి ఎంత దూరం. అవి ముఖ్యం కాదని అనను. కానీ నలభై దాటి, మోకాలో నడుమో బీపీనో ఏదో ఒకటి వెంట తెచ్చుకున్నవాళ్లు ఇంకోటి కూడా అడగాలి. ఇక్కడ నన్ను బట్టి ఆసనం మారుతుందా, లేక ఆసనాన్ని బట్టి నేనే వంగాలా?

ఈ ప్రశ్నకి మూడు రకాల జవాబులున్నాయి, మూడూ ఒకే గురువు శిష్యుల నుంచి వచ్చినవే. తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) 1930లలో మైసూరు మహారాజు ఆదరణలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. అక్కడికి వచ్చేది ఒంట్లో సత్తువున్న కుర్రాళ్లు, అందుకే దూకుళ్లు, వేగం, ఒకదాని వెంట ఒకటిగా ఆసనాలు. 1950లలో మద్రాసు చేరాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు మారారు, జబ్బులతో వచ్చే పెద్దవాళ్లు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పడం మొదలైంది. ఎవరు ఏ కాలంలో ఆయన దగ్గర నేర్చుకున్నారన్నది చూస్తే శిష్యుల మధ్య తేడా చాలావరకు అర్థమైపోతుంది.

మైసూరు రోజుల శిష్యుడు పట్టాభి జోయిస్. ఆయన అష్టాంగ పద్ధతిలో వరస మారదు, ఎవరొచ్చినా అదే. అయితే దాన్ని అసలు నేర్పే తీరు చాలామంది అనుకునేంత మొండిగా ఉండదు: గదిలో ఇరవై మంది ఉన్నా ఎవరి వేగం వాళ్లదే, మాస్టారు పైకి లెక్కపెట్టకుండా అందరి మధ్యా తిరుగుతూ సరిచేస్తుంటారు, ఇప్పుడు చేస్తున్న ఆసనం కుదిరితేనే తర్వాతది ఇస్తారు. వరస నోటికి వచ్చేశాక మనసు ఊపిరి మీద, చూపు మీద నిలుస్తుంది, ఆ సుఖం చేసినవాళ్లకే తెలుస్తుంది. ఇబ్బందల్లా అందులో మాటిమాటికీ వచ్చే అర్ధ పద్మం, అంటే ఒక పాదాన్ని రెండో కాలి తొడ మీదికి తెచ్చి పెట్టడం. తుంటి కీలు తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది, రోజంతా కుర్చీలో కూర్చునే ఐటీ వాళ్లకి తుంటి ఎంత బిగుసుకుపోయి ఉంటుందో చెప్పక్కర్లేదు. పాతికేళ్లవాళ్లయితే హాయిగా చేరొచ్చు.

బి.కె.ఎస్. అయ్యంగార్‌ది వేరే దారి. చిన్నప్పుడు ఆయనే రోగిష్టి మనిషి, అందుకేనేమో ఒళ్లు సహకరించనివాళ్లకి ఏం చేయాలో అంత బాగా ఆలోచించారు. బెల్టులు, చెక్క దిమ్మెలు, కుర్చీ, గోడకి కట్టిన తాళ్లు. చెయ్యి నేలకి అందకపోతే నేలే చేతి దగ్గరికి వస్తుంది. నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లకి బ్యాచ్‌లోనే కూర్చుని తమకి తగ్గట్టు చేసుకునే వీలు దీనిలో ఉన్నంత ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. పైగా ఇంట్లో సోఫా దిండు, దుప్పటి, డైనింగ్ కుర్చీతో పని జరిగిపోతుంది. కాకపోతే క్లాసులో సూచనలు ఎక్కువ. మోకాలి చిప్ప ఎత్తండి, మడమ నొక్కండి, భుజం వెనక్కి అంటూ వింటూ ఉంటే నాలాంటివాళ్లకి ఊపిరి సంగతే గుర్తుండదు.

మూడోది కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ దారి, 1976లో చెన్నైలో మొదలైన కృష్ణమాచార్య యోగ మందిరం దారి. ఒక మాస్టారు, ఒక విద్యార్థి. నిద్ర ఎలా ఉంది, అరుగుదల ఎలా ఉంది, పని ఏమిటి, ఇంట్లో ఖాళీ ఎంత దొరుకుతుంది అని అడిగి, కాసేపు చేయించి చూసి, ఇంట్లో చేసుకోవడానికి చిన్న అభ్యాసం రాసిస్తారు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ వెళ్తే దాన్ని మారుస్తారు. ఊపిరి ముందు, కదలిక వెనక: పీల్చడం మొదలయ్యాకే చెయ్యి లేస్తుంది, చెయ్యి ఆగాకే ఊపిరి ఆగుతుంది. చూడ్డానికి చాలా తేలిగ్గా ఉంటుంది, ఇంతేనా అనిపిస్తుంది కూడా.

నా ఓటు దీనికే, కానీ అందరూ చెప్పే కారణానికి కాదు. మోకాలి కోసం విడిగా క్లాసు అక్కర్లేదు, దిండో దిమ్మో పెడితే ముప్పై మంది ఉన్న బ్యాచ్‌లోనూ దాన్ని కాపాడుకోవచ్చు. మనసుకి అలా దిండు పెట్టలేం. "కళ్లు మూసుకుని మీ శ్వాసను గమనించండి" అనే మాట చాలామందికి హాయి, కానీ ప్యానిక్ అటాక్‌లు వచ్చే మనిషికి అదే మాట గుండె దడ తెప్పించొచ్చు, ఊపిరి అందట్లేదేమో అన్న భయం దగ్గరే వాళ్ల గొడవంతా మొదలవుతుంది మరి. అలాంటివాళ్లని కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకి ఆనించి, ధ్యాస చేతుల కదలిక మీద పెట్టించాలి, ఊపిరి బిగబట్టమని అనకూడదు. నిద్ర పట్టనివాళ్లకి ఊపిరి వదలడం మెల్లగా పొడిగించాలి. పొద్దున్నే లేవబుద్ధి కాక దిగాలుగా పడుంటున్నవాళ్లని తీసుకెళ్లి నేరుగా శవాసనంలో పడుకోబెడితే ఇంకా కుంగిపోవచ్చు, వాళ్లని ముందు నిలబెట్టి కదిలించాలి. ఈ ముగ్గురూ ఒకే వరసలో మ్యాట్లు వేసుకుని ఉంటే మైకులో చెప్పే మాట ఎవరికి సరిపోవాలి?

అందుకే యోగా డే లాంటివాటితో దీన్ని పోల్చడం అనవసరం. 2025 జూన్ 21న విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది చేశారు, చూడ్డానికి పండగలా ఉంది. ఆయుష్ శాఖ 45 నిమిషాల ఉమ్మడి అభ్యాసం మొదలుపెట్టడానికి మంచిదే. మీ ఊపిరిని చూసేవాళ్లు మాత్రం అక్కడ ఉండరు.

ఇక డబ్బు సంగతి. విడి క్లాసు ఫీజు ఎక్కువే, నెలంతా పెట్టించుకోవడం చాలా ఇళ్లకి కుదరదు. అక్కర్లేదు కూడా. మొదట్లో మూడు నాలుగు సార్లు విడిగా చూపించుకుని, మీకు ఏవి పనికొస్తాయో, ఏవి వదిలేయాలో రాయించుకుని, తర్వాత దగ్గర్లోని బ్యాచ్‌లో చేరండి, అక్కడ మీకు పడనిది వస్తే మొహమాటం లేకుండా కూర్చోండి. ఒంటరిగా ఇంట్లో చేయమంటే వారానికే మానేసే రకం అయితే నలుగురి తోడు ఎలాగూ కావాలి. జూమ్‌లో నేర్చుకునేవాళ్లు కెమెరాని ఎదురుగా కాకుండా పక్క నుంచి పెట్టండి, అప్పుడే పొట్ట, ఛాతీ కదలిక మాస్టారికి కనిపిస్తుంది.

బీపీ ఎక్కువున్నవాళ్లకీ, గ్లాకోమా ఉన్నవాళ్లకీ తలకిందుల ఆసనాలు పడవు, గర్భిణులకి కపాలభాతి (పొట్టని లోపలికి కొడుతూ ఊపిరి గట్టిగా వదిలే అభ్యాసం) వద్దు, డిస్క్ జారినవాళ్లు ముందుకి వంగేవాటితో జాగ్రత్తగా ఉండాలి. మొదటి రోజు వీటిలో ఒక్కటి కూడా అడక్కుండా, శీర్షాసనం ఎన్ని వారాల్లో వచ్చేస్తుందో చెప్పే మాస్టారు దొరికితే ఫీజు కట్టకుండా వచ్చేయండి.