సూరిన్ ఏనుగుల పల్లెలో రెండు రాత్రులు: బాన్ తా క్లాంగ్ హోమ్‌స్టే ఎలా ఉంది?

మాది పలమనేరు దగ్గరి పల్లె. మా వైపు ఏనుగు అనగానే గుర్తుకొచ్చేవి రాత్రిపూట చెరకు తోటలో గడలు విరుగుతున్న చప్పుడు, తెల్లవారేసరికి నేలమట్టమైన అరటి చెట్లు, టపాకాయలూ డప్పులూ పట్టుకుని గట్ల మీద కాపలా కాసే మగవాళ్లు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు రావడం, వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడటం మా పెద్దల కళ్ల ముందే జరిగాయి. అలాంటి చోట పెరిగినందువల్ల, ఏనుగును ఇంటి వాకిట్లో చెట్టు నీడన కట్టుకుని దాని పక్కనే వంట చేసుకుని బతికే ఊరు ఒకటి థాయిలాండ్‌లో ఉందని తెలిసిన రోజు నుంచి అక్కడికి వెళ్లాలని అనుకుంటూ వచ్చాను. ఈ జనవరిలో అక్కా బావలతో కలిసి వెళ్లి అక్కడ రెండు రాత్రులు ఉన్నాను.

ఆ ఊరి పేరు బాన్ తా క్లాంగ్. ఈశాన్య థాయిలాండ్‌లోని సూరిన్ రాష్ట్రంలో, సూరిన్ పట్టణానికి ఉత్తరంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బ్యాంకాక్‌లో కొత్త పెద్ద స్టేషన్ అయిన క్రుంగ్ థెప్ అఫివత్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారుజామున సూరిన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి ఊరికి బండి మాట్లాడుకోవాలి.

ఇక్కడి వారు కుయి జాతి ప్రజలు. ఒడిశాలోని కుయి భాష, మన మన్యంలో వినిపించే కువి భాష ద్రావిడ భాషలు కనుక, పేరు విని ఏదో చుట్టరికం ఉందేమోనని నేను ఆశపడ్డాను కానీ, వీరి భాష మోన్-ఖ్మేర్ కుటుంబానికి చెందినది. పేరు కలవడం కేవలం యాదృచ్ఛికం. అడవి ఏనుగులను పట్టడంలో తరతరాలుగా పేరుపొందిన వారు వీరే. మేము దిగిన ఇంటి పెద్దాయన మా ఊరి సంగతి విని, ఆ ఏనుగులకు మావటి ఎవరని అడిగాడు. అవి అడవి ఏనుగులని చెప్పాక కాసేపు ఆలోచించి, “మా తాతలైతే వాటిని పట్టుకొచ్చేవారు” అన్నాడు. కాంబోడియా సరిహద్దు అడవుల్లో సాగిన ఆ వేట ఆగిపోయి అర్ధశతాబ్దం దాటింది. అయినా వేటకు వాడే పకమ్ అనే తాడు, గేదె తోలుతో పేనినది, ఇంటి ముందున్న చిన్న గుడిలో ఇప్పటికీ పూజలందుకుంటూనే ఉంది. దానిని ఆడవారు తాకకూడదన్న నియమం ఉన్నందున మా అక్క దూరం నుంచే నమస్కరించింది. మీరు వెళ్లినా ఈ నియమాన్ని గుర్తుంచుకోండి.

మా మకాం స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు. పైన మేము పడుకున్నాము, కింద ఇల్లాలు మగ్గం మీద పట్టు నేస్తుంది, పది అడుగుల అవతల చింత చెట్టు కింద ఆ ఇంటి ఆడ ఏనుగు నిలబడి ఉంటుంది. మొదటి రాత్రి దాని ఊపిరి, చెవులు విసురుకునే చప్పుడు వింటూ నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఊళ్లో ఆ చప్పుడు వింటే లాంతరు పట్టుకుని పరుగెత్తాలి. తెల్లవారి అయిదింటికి పెద్దాయన కొడుకు లద్దె ఎత్తి వాకిలి ఊడ్చి, గడ్డి మోపులు దింపి, చెరకు గడలను మోకాలికి ఆనించి విరిచి తొండానికి అందించాడు. ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలన్న సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఆ మోపులను నేనే బండి నుంచి దింపి మోసినప్పుడు, ఒక్క ఏనుగు ఒక కుటుంబాన్ని రోజంతా ఎంతగా కట్టిపడేస్తుందో భుజాలకు తెలిసింది. సాయంత్రం మూన్ నదిలో లామ్ చీ కలిసే చోటికి దాని వెంట నడిచి వెళ్లి, అది నీళ్లలో ఒరిగి పడుకుంటే ఒడ్డున కూర్చుని చూడటం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

గొలుసు సంగతి దాచకుండా చెప్పాలి. రోజులో చాలా గంటలు ఏనుగు కాలికి గొలుసు ఉంటుంది. అది చూసి మా అక్క కన్నీళ్లు పెట్టుకుంది. నాకూ బాధ కలిగింది కానీ, ఊరి చుట్టూ ఉన్నవన్నీ ఇతరుల వరి పొలాలు కనుక, విడిచిన ఏనుగు ఒక్క రాత్రిలో ఏం చేయగలదో పలమనేరు వాడిగా నాకు బాగా తెలుసు. మేపడానికి ఒకప్పటి అడవి లేదు. 1989లో థాయిలాండ్ అడవుల్లో కలప నరకడాన్ని నిషేధించాక దుంగలు లాగే ఏనుగులకు పని పోయింది. మావటులు వాటిని బ్యాంకాక్ వీధుల్లో తిప్పి, అరటిపళ్లు అమ్ముకుని బతికారు. వారిని ఊరికి తిరిగి రప్పించేందుకు ప్రభుత్వం నెలసరి భృతి ఇవ్వడం మొదలుపెట్టింది. అది మేతకే చాలదని పెద్దాయన చెప్పాడు. మిగిలినది మనలాంటి సందర్శకుల నుంచే రావాలి.

అందువల్ల ఆ డబ్బు దేనికి ఇస్తున్నామన్నది ముఖ్యమని నేను నమ్ముతున్నాను. ఊరి కేంద్రంలో జరిగే ప్రదర్శనలో ఏనుగులు బంతి తన్నుతాయి, బొమ్మలు గీస్తాయి. నేను సగంలో లేచి వచ్చేశాను. ఆ విద్యల కోసం గున్నలను చిన్ననాడే తల్లి నుంచి వేరుచేసి అంకుశంతో లొంగదీసే పద్ధతి ఉందని తెలిసి చప్పట్లు కొట్టడం నావల్ల కాలేదు. సవారీ వద్దని ముందే రాసి ఇచ్చినా, మాకు ప్రయాణం కుదిర్చిన ఏజెంటు దానిని ప్యాకేజీలో చేర్చి డబ్బు తీసుకున్నాడు. అడిగినా తిరిగి ఇవ్వలేదు. సవారీ, ప్రదర్శన లేకుండా నడక, మేత, స్నానం మాత్రమే కావాలని స్పష్టంగా రాయించుకుని, బస డబ్బు నేరుగా ఆ ఇంటివారి చేతికే అందేలా మాట్లాడుకోండి.

వాట్ పా ఆజియాంగ్ అనే బౌద్ధాలయం దగ్గరి ఏనుగుల శ్మశానాన్ని మాత్రం తప్పక చూడండి. చెట్ల నీడలో వరుసగా ఉన్న సమాధుల మీద కోసుగా ఉన్న టోపీల వంటి కప్పులు కట్టారు. ఇంటి మనిషికి చేసినట్టే భిక్షువులతో కర్మ చేయిస్తారట. థాయ్ వాస్తుశిల్పి బూన్‌సెర్మ్ ప్రేమ్‌థాదా రూపకల్పనలో ఎర్రటి స్థానిక ఇటుకలతో 2020లో పూర్తయిన ఏనుగుల మ్యూజియం కూడా ఊళ్లోనే ఉంది. దాని ఎత్తైన గోడల మధ్య నడుస్తూ ఒక గంట గడపవచ్చు.

బస శుభ్రంగా ఉంది. పరుపు పలుచన, దోమతెర ఇచ్చారు, వేడినీళ్లు లేవు. భోజనంలో సూరిన్ మల్లె బియ్యపు అన్నం, చేపలు, పచ్చి బొప్పాయి కారం మన నోటికి బాగా నచ్చుతాయి కానీ, కూరగాయల వంటకాల్లోనూ చేపల సాస్ వేస్తారు కనుక శాకాహారులు ముందే చెప్పాలి. దుభాషి లేకపోవడం పెద్ద లోపం. ఫోన్‌లోని అనువాదంతో సగం మాటలు జారిపోయాయి.

నవంబరు మూడో వారంలో సూరిన్ పట్టణంలో జరిగే ఏనుగుల పండుగ 1960 నుంచి సాగుతోంది. ఆ రోజుల్లో ఊరి ఏనుగుల్లో చాలావరకు పట్టణానికి వెళ్లిపోతాయి కనుక, పల్లెను చూడదలచిన వారు ఆ వారాన్ని వదిలి డిసెంబరు, జనవరిలలో వెళ్లడం మంచిది. మార్చి నుంచి ఎండ మన రాయలసీమ ఎండలాగే ఉంటుంది. అయిదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. మళ్లీ వెళితే ఒక దుభాషిని వెంటబెట్టుకుని మూడు రాత్రులు ఉంటాను, ఎందుకంటే వేట రోజుల గురించి పెద్దాయన రెండో రాత్రి చెప్పడం మొదలుపెట్టిన కథ నాకు సగమే అర్థమైంది.