పాత మారుతి కింద చుక్కల వేట: యూవీ లీక్ కిట్‌తో నాలుగేళ్ళు

మా ఇంట్లో ఉన్నది 1998 నాటి మారుతి 800, కార్బురేటర్ మోడల్. ఏసీ ఉంది, పవర్ స్టీరింగ్ లేదు. విజయనగరంలో బజారు పనులకూ, నెలకొకసారి బొబ్బిలి వెళ్ళి రావడానికీ, ఏడాదిలో రెండు మూడు సార్లు శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కడానికీ ఇదే బండి. నాలుగేళ్ళ క్రితం పోర్టికోలో కొత్తగా గచ్చు చేయించిన నెలకే దాని మీద అరచేతి వెడల్పున నల్లటి మరక పడింది. ఇంట్లో వాళ్ళు బండిని వీధిలో పెట్టమన్నారు, నేను ఆన్‌లైన్‌లో యూవీ లీక్ కిట్ తెప్పించాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ బండిలో అయిదు లీకులు పట్టుకున్నాను. వాటిలో కిట్ అసలు దోషిని చూపించినవి రెండు మాత్రమే. మిగిలిన మూడింటినీ అట్టముక్క, టాల్కం పౌడరు, ముక్కు, చేతివేళ్ళు పట్టించాయి. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, టార్చి వేయగానే లీకు దానంతట అదే కనబడుతుందన్న ఆశతో కొంటే నిరాశ తప్పదు.

కిట్‌లో వచ్చినవి ఒక అతినీలలోహిత (యూవీ) టార్చి, పసుపు కళ్ళద్దాలు, ఇంజిన్ ఆయిల్‌లో కలిపే డై (ఆ టార్చి వెలుగులో మెరిసే రంగు) ఉన్న చిన్న సీసా, ఇంజిన్‌ను చల్లబరిచే కూలంట్‌కు వేరే డై ఉన్న మరో సీసా. ఆయిల్ డై నూనెలో కరిగేది, కూలంట్ డై నీటిలో కరిగేది కనుక ఒకదాని బదులు మరొకటి పోయకూడదు. బ్రేకు ఆయిల్‌లో మాత్రం ఏ డై కూడా కలపకూడదు, నూనె జాతి పదార్థం ఏది తగిలినా అందులోని రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి.

కిట్ తెరవకముందే చేయవలసిన పని ఒకటుంది. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టెను విప్పి బండి ముందు భాగం కింద పరిచి, ముందు చక్రాలు ఎక్కడ ఆనుతున్నాయో సుద్దముక్కతో గీసి, మూల తేదీ రాసి, రాత్రంతా వదిలేశాను. చక్రాల గుర్తులు ఉండటం వల్ల మరుసటి రోజు అట్టను బయటికి లాగిన తరవాత కూడా ఏ మరక ఇంజిన్‌లో ఏ భాగం కింద పడిందో లెక్క కట్టవచ్చు. అట్ట ఇంకో మేలు కూడా చేసింది. గచ్చు మీద భయంకరంగా కనబడిన మరక నిజానికి రాత్రికి ఆరు చుక్కలే. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే నెలకు 9 మిల్లీలీటర్లు దాటదు. కాని ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ మీద చూస్తే నెలకు పావు లీటరు దాకా తగ్గుతోంది. అంటే గచ్చు మీద కనబడేది కొసరు మాత్రమే, అసలుది బండి నడుస్తుండగా పోతోంది, లేదా ఇంజిన్‌లోనే కాలిపోతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి కొద్దిగా నీలం పొగ వస్తున్నందువల్ల కొంత కాలుతున్నదని ఒప్పుకున్నాను. దానికి ఏ టార్చీ మందు కాదు.

పడిన చుక్క ఏ ద్రవమో తేల్చడానికి తెల్లకాగితం, వేలు, ముక్కు చాలు. ఇంజిన్ ఆయిల్ గోధుమరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. గేరు ఆయిల్ ఇంకా చిక్కన, గంధకం వాసన కొడుతుంది, ఒకసారి వాసన చూసినవారు మళ్ళీ పొరబడరు. కూలంట్ వేళ్ళ మధ్య జిగురుగా, వాసనకు తియ్యగా ఉంటుంది. ఆ తీపికే వీధి కుక్కలు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం, కాబట్టి కింద పడితే వెంటనే నీళ్ళు పోసి కడిగేయాలి. బ్రేకు ఆయిల్ లేత పసుపులో పలచగా జారుతూ ఉంటుంది, నీటితో కడిగితే పోతుంది, రంగు మీద పడితే పెయింటును లేపేస్తుంది. ఇక మే, జూన్ నెలల్లో బండి కింద, ఎడమ సీటు కాళ్ళుంచే చోటికి దిగువన గిన్నెడు నీళ్ళు కారితే కంగారు పడనక్కరలేదు. మన వైపు ఉక్కపోతకు ఏసీ వదిలే నీళ్ళవి. మొదటి వేసవిలో వాటికోసం అరగంట నేల మీద పడుకుని వెతికినవాడిని నేనే.

కింద పడుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బండితో వచ్చే జాకీ చక్రం మార్చడానికే తప్ప దాని కింద మనిషి దూరడానికి కాదు. ఇటుకలూ, సిమెంటు దిమ్మలూ బరువుకు చెప్పకుండా పగిలిపోతాయి. నేను రెండు ఇనుప జాకీ స్టాండ్లు కొని, సమతలమైన గచ్చు మీద నిలబెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసిన తరవాతే తల లోపల పెడతాను. ఈ స్టాండ్లకు అయిన ఖర్చు కిట్ ఖర్చుకంటే ఎక్కువ. రెండింటిలో ఒకటే కొనగలిగితే స్టాండ్లే కొనండి.

మొదట మెకానిక్ దగ్గరకే వెళ్ళాను. అతను కిందికి వంగి, ఇంజిన్ గేరుబాక్సుతో కలిసే చోట నూనె తడి చూసి, "క్రాంకు సీలు పోనాది మాస్టారూ, గేరుబాక్సు దించాల" అన్నాడు. చూసినదాన్ని బట్టి అతని మాటలో తప్పు లేదు, వెనక క్రాంకు సీలు (ఇంజిన్ ఇరుసు చుట్టూ నూనెను ఆపే రబ్బరు వలయం) పోతే నూనె అక్కడే కారుతుంది. కాని నూనె ఎక్కడ పుట్టినా పల్లానికి దిగుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది, పాతికేళ్ళ మట్టిలో ఇంకి బంక అయిపోతుంది. కింద తడిసిన చోటునే లీకు అనుకోవడం, చూరు నుంచి నీళ్ళు కారితే చూరుకే చిల్లు పడిందనుకోవడం లాంటిది.

అందుకని ఒక ఆదివారం ఇంజిన్ కడగడానికే కేటాయించాను. చల్లారిన ఇంజిన్ మీద, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కూ ఆల్టర్నేటర్‌కూ ప్లాస్టిక్ కవర్లు కట్టి, డీజిల్‌లో ముంచిన పాత పెయింటు బ్రష్షుతో బంకంతా రుద్ది, సబ్బుపొడి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. పెట్రోలుతో కడిగేవాళ్ళను చూశాను, ఆ సాహసం వద్దు. తరవాత ఇంజిన్ పైమూత అయిన టాపెట్ కవర్ ప్యాకింగ్ చుట్టూ పొడి జల్లాలని, ఇంట్లో చేతికందిన ముగ్గుపిండి వాడాను. అది రాతిపొడి కదా, నిలువు గోడ మీద నిలవకుండా రాలిపోయింది, పైగా ఆయిల్ మూత చుట్టూ గరుకుగా పేరుకుంది. దాన్ని జాగ్రత్తగా తుడిచేసి టాల్కం పౌడరు పట్టిస్తే పలచని తెల్లపొరలా అంటుకుంది. ఇంజిన్ పావుగంట నడిపేసరికి ఆ తెలుపులో, కవరు వెనక మూల నుంచి, చీమల బారులా సన్నని గోధుమ గీత దిగుతూ కనబడింది. మొదటి లీకు దొరికినట్టే.

ప్యాకింగ్ మార్పించాను. అయిదు నెలలకు అదే మూల మళ్ళీ తడిసింది. రెండో ప్యాకింగ్ కూడా వేయించిన తరవాతగాని అసలు కారణం తట్టలేదు. టాపెట్ కవరు నుంచి ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్ళే బ్రీదర్ గొట్టం లోపల నల్లటి మడ్డి గడ్డకట్టి దారి మూసుకుపోయింది. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారిన వాయువు బయటికి పోయే దారి లేక క్రాంకు గదిలో ఒత్తిడి పెంచి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నూనెను నెట్టేస్తోంది. గొట్టం కడిగి పెట్టిన రోజునుంచి ఆ మూల పొడిగానే ఉంది. పాత బండిలో రెండు మూడు చోట్ల ఒకేసారి నూనె చెమరుస్తుంటే సీళ్ళ జోలికి వెళ్ళేముందు ఈ గొట్టం ఊదిచూడమని నా సలహా. కవరు నట్లు మరీ బిగించడం కూడా మంచిది కాదు, రేకు వంగితే ఏ ప్యాకింగూ పట్టదు.

ఇంత చేసినా గేరుబాక్సు మీది తడి పోలేదు. కిట్ అప్పుడు పనికివచ్చింది. సుమారు 3 లీటర్ల ఇంజిన్ ఆయిల్‌కు సీసా మీద రాసినంత డై పోసి, నెల్లిమర్ల దాకా వెళ్ళి వచ్చి, చీకటి పడి వీధిలైటు వెలుగు రాకుండా పోర్టికోకు దుప్పటి కట్టి, పసుపు అద్దాలు పెట్టుకుని చూశాను. గేరుబాక్సు మీద ఆకుపచ్చ కలిసిన పసుపుచార మెరుస్తోంది. కింద వెడల్పుగా ఉన్న ఆ చార పైకి పోయేకొద్దీ సన్నబడుతూ, హెడ్డు (ఇంజిన్ పైభాగం) చివర గేరుబాక్సు వైపున ఉండే డిస్ట్రిబ్యూటర్ కుదురు దగ్గర గోరంత వెలుగుగా ఆగిపోయింది. దానికి పైన అంతా చీకటే. డిస్ట్రిబ్యూటర్ విప్పితే దాని ఓ-రింగు గట్టిపడి, వంచితే విరిగేటట్టు ఉంది. క్రాంకు సీలుకోసం గేరుబాక్సు దించే పని చిన్న రబ్బరు రింగుతో తీరిపోయింది. ఇగ్నిషన్ టైమింగ్ చెడకుండా డిస్ట్రిబ్యూటర్ ఉన్న కోణానికి ముందుగానే గీతపెట్టుకోవాలని మరచిపోకండి. నేను మరచిపోయాను, టైమింగ్ సరిచేయించడానికి మళ్ళీ ఆ మెకానిక్ దగ్గరకే వెళ్ళవలసి వచ్చింది. ఓ-రింగు సంగతి విని అతను నవ్వాడే తప్ప నొచ్చుకోలేదు.

కూలంట్ కథ దీనికి భిన్నం. పక్క ట్యాంకులో మట్టం నెలకు అర అంగుళం తగ్గేది, అట్ట మీద ఒక్క చుక్క ఉండేది కాదు. ఒకసారి అనంతగిరి దాటి బండి ఆపినప్పుడు తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారి, వేడి ఇనుము మీదే ఆవిరైపోతే నేలమీద ఆనవాలెక్కడ దొరుకుతుంది? డై పోయబోయి, ముందు టార్చి వేసి చూద్దునుగదా, ట్యాంకులోని ఆకుపచ్చ కూలంట్ డై లేకుండానే వెలిగిపోతోంది. చాలా కూలంట్లలో అటువంటి రంగు ముందే కలిపి ఉంటుంది. కనుక కూలంట్ డై సీసా ఈనాటికీ మూత తీయకుండా ఉంది, మీరూ కొనేముందు ఉత్త టార్చితో పరీక్షించుకోండి. పిడి ఉన్న చిన్న అద్దం లోపలికి పెట్టి వెతికితే వాటర్ పంపు అడుగున ఉండే సన్నని రంధ్రం నుంచి కన్నీటిచార లాంటి మెరుపు కనబడింది. ఆ రంధ్రం లోపమేమీ కాదు, లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోకి చేరకుండా బయటికి వచ్చి హెచ్చరించడానికే పెట్టారు. ఎంసీల్ పెట్టి మూసేయమని ఒకరు సలహా ఇచ్చారు. వినకుండా పంపు మార్పించాను.

బ్రేకు లీకు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అది కనబడిన రోజే బండి ఆపేశాను. డబ్బాలో మట్టం కొద్దికొద్దిగా తగ్గితే ముందు ప్యాడ్లు అరిగాయని సరిపెట్టుకోవచ్చు, కాని పది రోజుల్లో వేలెడు తగ్గింది. ఎడమ వెనక టైరు లోపలి గోడమీద జారుడు తడి చేతికి తగిలింది, డ్రమ్ము విప్పితే బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ రబ్బరు చీలి ఉంది. నూనె లీకుతో నెలలు గడపవచ్చు, దీనితో బజారు దాకా కూడా వెళ్ళకూడదు.

ఇక కిట్ లోపాలు. కిట్‌తో వచ్చిన టార్చి వెలుగు తరంగదైర్ఘ్యం 395 నానోమీటర్లు. ఊదా వెలుగు కంటికే ఎక్కువగా కనబడటంతో సన్నని మెరుపు అందులో మునిగిపోతుంది. ఏడాదికి విసిగి విడిగా 365 నానోమీటర్ల టార్చి కొన్నాను, తేడా మొదటి రాత్రే తెలిసింది. తుడిచిన గుడ్డల నూలుపోగులు బోల్టులకు చిక్కుకుని సబ్బుపొడిలోని తెలుపు రసాయనంవల్ల నీలంగా మెరిసి మోసగిస్తాయి. పసుపు చేత్తో పట్టుకున్న రెంచి కూడా మెరుస్తుంది. మా గడపకు పూసిన పసుపు ఆ వెలుగులో లేత ఆకుపచ్చగా వెలిగితే ఇంట్లో అందరూ వచ్చి చూశారు. అన్నిటికంటే అద్భుతంగా మెరిసింది మాత్రం స్టాండు పక్కన గోడ పగులులోంచి తొంగిచూసిన తేలు. తేళ్ళు ఈ వెలుగులో నీలిపచ్చగా ప్రకాశిస్తాయి. అప్పటినుంచి బండి కిందికి దూరేముందు టార్చి ఒకసారి నేలంతా తిప్పడం అలవాటైంది. ఈ ఒక్క ఉపయోగానికే మా ఇంట్లో కిట్‌కు గౌరవం పెరిగింది.

మెరవకపోవడం కూడా సాక్ష్యమే అని అయిదో లీకు నేర్పింది. కుడి చక్రం వైపు ఆక్సిల్ గేరుబాక్సులోకి దూరే చోట చిక్కటి తడి, గంధకం వాసన. డై ఉన్నది ఇంజిన్ ఆయిల్‌లో, ఈ తడి టార్చికి వెలగలేదు. గేరు ఆయిలే అని రూఢి అయింది, ఆక్సిల్ సీలు వేయించాను.

ఒకే బండి, అదీ కొత్తది ఉన్నవారికి ఈ కిట్ దండగ. పదిహేనేళ్ళు దాటిన బండిని సొంతంగా చూసుకునేవారు మాత్రం కిట్‌లోని టార్చిని నమ్ముకోకుండా 365ది విడిగా, ఆయిల్ డై విడిగా కొనుక్కుంటే చవకా, మేలూ. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, తడి మీద తడి ఏదీ తేలదు. నేను సంక్రాంతి ముందు, నేల పొడిగా ఉన్నప్పుడే చూస్తాను. ప్రస్తుతం అట్ట మీద నాలుగు రోజులకొక చుక్క పడుతోంది, గేరు లివర్ రాడ్డు సీలు దగ్గరనుంచి అనుకుంటున్నాను. వచ్చే ఆయిల్ మార్పు దాకా తేదీలు రాసుకుంటూ అలాగే వదిలేశాను.