“ఓపెన్ చిప్” అన్న మాట నమ్మి బోర్డు కొనేవారికి హెచ్చరిక

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు ఆక్సిజన్ కొలిచే పరికరాలను సొంతంగా తయారు చేసుకుంటున్న వారు కొత్త బోర్డుకు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఏరేటర్లు తిరగకపోతే పంట మొత్తం పోతుంది. అందువల్ల పరికరంలో ఏ భాగం మొరాయించినా మనమే విప్పి సరిచేసుకోగలగాలన్న ఉద్దేశంతో, “పూర్తిగా ఓపెన్”, అంటే డిజైన్ అంతా అందరికీ తెరిచిపెట్టినవి, అని ప్రకటించిన రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డులు మూడు ఆన్‌లైన్‌లో తెప్పించాను.

తీరా చూస్తే ఓపెన్ అయినది ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఒక్కటే. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ అనేది ప్రాసెసర్ ఏయే ఆదేశాలను పాటించాలో చెప్పే ప్రమాణం మాత్రమే. దాని ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించకుండా కోర్ (ఆదేశాలను అమలు చేసే ప్రాసెసర్ ముఖ్య భాగం) తయారు చేసుకోవచ్చు గాని, ఆ కోర్ డిజైన్‌ను బయటపెట్టి తీరాలన్న నియమం లేదు. నాకు వచ్చిన బోర్డులలో మెమరీని సిద్ధం చేసే తొలి ప్రోగ్రాం, గ్రాఫిక్స్ డ్రైవర్, వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై భాగాన్ని నడిపే ప్రోగ్రాం) అన్నీ సోర్సు, అంటే మనిషి చదివి మార్చగల మూల కోడ్, లేని బైనరీలే; యంత్రానికి తప్ప మనకు అర్థం కావు. సర్క్యూట్ పటాన్ని పీడీఎఫ్‌గా ఇచ్చారు, బోర్డును మళ్లీ తయారు చేసుకోవడానికి కావలసిన లేఅవుట్ ఫైళ్లు ఇవ్వలేదు.

నన్ను ఎక్కువగా దెబ్బతీసినది వెక్టర్ విభాగం, అంటే ఒకే ఆదేశంతో ఎన్నో అంకెలపై ఒకేసారి లెక్క చేసే భాగం. చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెం) ఫోటోలలో మిగిలిన మేతను గుర్తించే ప్రోగ్రాం వేగంగా నడవాలని దానిమీదే ఆశ పెట్టుకున్నాను. కాని ఆ బోర్డుల కోర్ 2021లో ఆమోదం పొందిన 1.0 ప్రమాణాన్ని కాక, అంతకు ముందటి 0.7.1 ముసాయిదాను అనుసరించినది; రెండింటికీ పొంతన లేనందున 1.0 కోసం కంపైల్ చేసిన (యంత్ర భాషలోకి మార్చిన) వెక్టర్ కోడ్ దానిపై నడవలేదు. ప్రకటనలో మాత్రం “వెక్టర్ సదుపాయం ఉంది” అని రాశారు. అమ్మకందారు ఇచ్చిన పాత లినక్స్ కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టం మూల భాగానికి) సోర్సు అడిగాను. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు ప్రకారం అది ఇవ్వవలసినదే అయినా నేటికీ జవాబు లేదు, డబ్బూ తిరిగి రాలేదు.

నిజంగా తెరిచిపెట్టినవి లేకపోలేదు. ఐఐటీ మద్రాసు వారి “శక్తి” అనే రిస్క్-ఫైవ్ కోర్ల సోర్సు, ఎవరైనా వాడుకుని మార్చుకునేందుకు వీలిచ్చే బీఎస్‌డీ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంది, అది మనవారు గర్వించదగిన పని. అయితే కోర్ ఓపెన్ అయినా, చిప్‌ను ముద్రించే ఫ్యాక్టరీ తన ప్రక్రియ వివరాలను సాధారణంగా రహస్య ఒప్పందం కిందే ఇస్తుంది. 2020లో గూగుల్‌తో కలిసి అమెరికా చిప్ తయారీ సంస్థ స్కైవాటర్ తన 130 నానోమీటర్ల తయారీ ప్రక్రియ వివరాలను విడుదల చేయడం అరుదైన మినహాయింపు.

కనుక కోర్ సోర్సు ఎక్కడుంది, ఏయే బైనరీలు తప్పనిసరి, వెక్టర్ ఏ వెర్షన్, అందరూ వాడే అసలు లినక్స్ కెర్నెల్ మార్పులు లేకుండా నడుస్తుందా అన్నవి అమ్మకందారును ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.