చంద్రగిరి కొండల్లో మూడు రాత్రుల రచనా శిబిరం: వెళ్ళివచ్చాక నా అభిప్రాయం

రచయితల కోసం నడిపే రిట్రీట్లు బెంగళూరు చుట్టుపక్కల తోటల్లోనో హిమాలయాల దాపునో జరుగుతాయని వినడమే గాని, మా బరంపురం నుంచి బస్సులో ఒక్క పూటలో చేరుకోగల దూరంలో, ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరి కొండల మధ్య, తెలుగు వారినీ ఒడియా వారినీ కలిపి ఒక రచనా శిబిరం నడుపుతున్నారని నిరుటి వరకూ నాకు తెలియదు. 54 ఏళ్ళ వయసులో, అంతకుముందు పత్రికల సంపాదకులకు ఉత్తరాలు తప్ప మరేమీ రాయని నేను, మూడు రాత్రులకు 7,500 రూపాయలు కట్టి, నవంబరు నెలలో వెళ్ళివచ్చాను. నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు వారు తలచుకుంటే సరిదిద్దుకోగలిగినవే కనుక నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు.

చేరుకోవడం కష్టం కాదు. దిగపహండి దాటి, తప్తపాణి వేడినీటి ఊట పక్కనుంచి ఘాట్ ఎక్కి, మోహనా మీదుగా వెళ్ళే బస్సు చంద్రగిరిలో దింపుతుంది. అక్కడికి జీపు పంపుతామన్నారు. గంటన్నర ఆలస్యంగానైనా పంపారు. ఆ గంటన్నర వృథా అయిందని అనలేను. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకు 1963లో ఈ ప్రాంతంలో నివాసాలు ఏర్పరచారు; మొక్కజొన్న వారి ప్రధానమైన పంట. దగ్గరలోని జీరంగలో వారు కట్టుకున్న పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. బస్సు దిగిన చోట ఒక టిబెటన్ అవ్వ నాకంటే చక్కని ఒడియాలో బేరమాడి నాకొక ఊలు టోపీ అమ్మింది. శిబిరం వారు ఇచ్చిన పలుచటి దుప్పటి కంటే రాత్రి చలికి ఆ టోపీయే నన్ను ఎక్కువ ఆదుకుంది.

గది శుభ్రంగా ఉంది. వేడినీళ్ళు అడిగిన వేళకు బకెట్లతో తెచ్చి ఇచ్చారు. అయితే రచనా శిబిరమని పేరు పెట్టుకున్న చోట గదిలో కూర్చుని రాసుకోవడానికి బల్ల లేదు. రెండు మంచాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు నాలుగు మేకులు, అంతే. మొదటి రాత్రి నేను వంటగదికి వెళ్ళి చపాతీ పీట అడిగి తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని రాశాను. గుండ్రటి పీట మీద పెద్ద కాగితం నాలుగు మూలలా కిందికి వేలాడుతుంది, పంక్తి చివరికి వచ్చేసరికి కలం కాగితాన్ని పొడుస్తుంది, పొద్దునకు చీర కుచ్చెళ్ళ నిండా గోధుమపిండి. మా జట్టులో ఉన్నది 14 మందిమి. రెండో రోజు సాయంత్రానికి ఆ పీటకు వంతులు ఏర్పడ్డాయి.

భోజనానికి వంక పెట్టను. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నంలోకి కూరగాయల పప్పు దాల్మా, వడియాలు నలిపి చేసే బడి చూరా, ఒక సాయంత్రం వేడి వేడి తుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూపు. వంటవారికి మాత్రం ఎవరూ పాఠాలు చెప్పినట్టు లేదు, అందుకే అంత బాగుంది.

ప్రకటనలో ఏకాంతం గురించి ఎంతో అందంగా రాశారు గాని, కార్యక్రమ పట్టికలో దానికి చోటు ఉంచలేదు. ఆరింటికి ధ్యానం, ఎనిమిదింటికి పరిచయాలు, తర్వాత ఉపన్యాసం, చర్చ, రాతపని, దిద్దుబాటు, రాత్రి తొమ్మిది దాకా చదివి వినిపించడం. ఇంట్లో వంటా వార్పూ, ఆఫీసు, మనవడి బడి, వీటి నుంచి నాలుగు రోజులు తప్పించుకుని వచ్చిన ఆడమనిషికి కావలసినది ఎవరూ పిలవని రెండు గంటలు. నాకు అవి దొరికింది రెండో రోజు మధ్యాహ్నం, ఉపన్యాసకుడికి జ్వరం రావడం వల్ల. ఆయనకు అలా కావడం నాకు విచారకరమే, కానీ శిబిరం మొత్తం మీద నేను నిలకడగా ఐదు పేజీలు రాసింది ఆ మధ్యాహ్నమే.

డబ్బుకు తగిన విలువ దొరికిందని నాకు నిస్సంశయంగా అనిపించినది సవర గిరిజనుల పల్లెకు తీసుకెళ్ళిన పూట. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో సవరలు వేసే ఇడితాల్ బొమ్మలను నేను ఇదివరకు ప్రదర్శనల్లో బట్టల మీద, పుస్తకాల అట్టల మీద చూశాను. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడో, పోయిన పెద్దలను తలచుకునేటప్పుడో వేసే బొమ్మ అని, అది అలంకారం కాదని అక్కడికి వెళ్ళాకే సరిగా అర్థమైంది. వెదురుపుల్ల కొసను నమిలి కుంచెలా చేసుకున్న ఒక ముసలాయన ముందుగా నాలుగు అంచులూ గీసి, ఆ చట్రం నుంచి లోపలికి మనుషులను, చెట్లను, ఏనుగును నింపుకుంటూ వచ్చాడు. నడిమధ్య చాలాసేపు ఖాళీగానే ఉండిపోయింది. మా శిక్షకులు అక్కడ ఒక్క మాటా మాట్లాడకపోవడం వారు చేసిన అత్యుత్తమ బోధన. నేను రాయబోతున్నది మా నాన్నగారి గురించి. ఆయన పర్లాకిమిడి చిన్న రైలులో పాయింట్స్‌మన్, బండి దారి మళ్ళేలా పట్టాలు మార్చే ఉద్యోగి. ఆయన పుట్టుకతో మొదలుపెట్టి వారం రోజులుగా ముందుకు సాగలేక ఆగిపోయిన నేను, ఆ రాత్రి ప్లాట్‌ఫాం అంచు నుంచి, లాంతరు నుంచి, స్టేషను బయటి చింతచెట్టు నుంచి లోపలికి రాయడం ప్రారంభించాను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి ఆ రెండున్నర అడుగుల సన్న పట్టాలు రాజావారు వేయించినవి. 1900లో బండి నడిచింది, 1931లో గుణుపురం దాకా సాగింది, 2004లో ఆగిపోయి 2011లో పెద్ద పట్టాలతో మళ్ళీ తెరుచుకుంది. ఈ తేదీలన్నీ నా రాతలో మొదటి పేజీలోనే ఉండేవి. వాటిని ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో మా తెలుగు శిక్షకుడు చెప్పిన తీరు బాగుంది. అక్కడ ఆయన నైపుణ్యాన్ని కాదనను.

నా అసలు ఫిర్యాదు దిద్దుబాటు గంట గురించి. తెలుగు వారికి పాఠం చెప్పడానికి కోస్తా నుంచి వచ్చిన ఆ శిక్షకులు నా కాగితం మీద "చోళ్ళు" అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఎర్ర సిరాతో కొట్టేసి "రాగులు" అని రాశారు. "గుంట" అన్నచోట "పాప" అని రాశారు. అడిగితే, "అమ్మా, చోళ్ళంటే గుంటూరు పాఠకుడికి తెలియదండీ" అన్నారు. మర్యాదగానే అన్నారు. నేనూ మర్యాదగానే తల ఊపాను. పొద్దున మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని తాగిన అంబలిని వంటమనిషి చోడి అంబలి అనే వడ్డించింది, అప్పుడు ఆయనకు అర్థమైంది.

ఈ జిల్లాలో ఈ సవరణ జరగడం నాకు మరీ కష్టమనిపించింది. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే బడి పంతులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఈ కొండల సవర మాట నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. శిబిరం గోడ మీద ఆయన ఫొటో దండతో సహా ఉంది. ఆ ఫొటో కిందనే చోళ్ళు రాగులయ్యాయి.

అయితే శిక్షకులు దిద్దినవన్నీ తప్పని చెప్పడం న్యాయం కాదు. "మా నాన్న రైల్వేలో చాకిరీ చేశారు" అని నేను రాసిన వాక్యం కింద ఆయన గీత గీసి, "ఇంత బాధగా ఎందుకు రాశారు?" అని అడిగారు. నేను బాధగా రాయలేదు. ఒడియాలో చాకిరి అంటే నికరమైన ఉద్యోగం, గౌరవమైన మాట. మా వీధి తెలుగులో మేము దాన్ని ఆ అర్థంలోనే వాడుకుంటాం. మిగిలిన తెలుగు వారికి అది వెట్టి అన్నట్టు వినిపిస్తుందన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. ఇలాంటి ప్రశ్నలు వేసే మనిషి ఎదురుగా కూర్చోవడానికి డబ్బు కట్టడంలో తప్పు లేదు. ఆయన చోళ్ళ దగ్గర కూడా కొట్టివేయకుండా అలాగే అడిగి ఉంటే బాగుండేది.

చివరి రాత్రి కవి సమ్మేళనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మైకు బాగా పనిచేసింది.

వెళ్ళదలచిన వారికి నా సూచన, డబ్బు కట్టేముందు కార్యక్రమ పట్టిక తెప్పించుకుని చూడండి, మీ భాషకు శిక్షకులు ఏ ప్రాంతం నుంచి వస్తున్నారో అడగండి, ఒక మంచి రగ్గు, రాసుకోవడానికి గట్టి అట్ట వెంట తీసుకెళ్ళండి. ఫోను సిగ్నలు ఉండదు. ఇంట్లో వారికి ముందే చెప్పి బయలుదేరడం మంచిది. మొదటిసారి వెళ్ళే వారికి, ముఖ్యంగా ఇంట్లో రాసుకునే చోటు లేని వారికి, ఇన్ని చెప్పాక కూడా వెళ్ళమనే అంటాను. నేను నా కథకు చోళ్ళన్నీ తిరిగి తెచ్చుకుని శుద్ధ ప్రతి రాశాను. చాకిరీ ఉన్న వాక్యం మాత్రం ఇంకా ఎటూ తేలలేదు.

ఇంటికి వచ్చాక నిర్వాహకులకు ఉత్తరం రాసి రెండు అడిగాను. గదికొక బల్ల, సరిహద్దు తెలుగు తెలిసిన మనిషి ఒకరు. బల్లలు మోహనాలో వడ్రంగికి చెప్పామని జవాబు వచ్చింది. రెండోదాని గురించి ఇంకా ఏమీ రాయలేదు.