లెక్కలు పోల్చేవాళ్లకి ఫ్యాన్సీజోన్స్

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల లెక్కలు చూస్తాను. నా కంప్యూటర్‌లో అన్నిటికన్నా నచ్చింది ఏదంటే ఫ్యాన్సీజోన్స్ అనే చెప్తాను. విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే చిన్న పనిముట్ల కట్టలో ఇదొకటి. తెరను మన కొలతల్లో గడులుగా గీసుకుని, షిఫ్ట్ పట్టుకుని విండోను లాగి వదిలితే గడిలో సరిగ్గా కూర్చుంటుంది. విండోస్ 7 నుంచి ఉన్న సగం సగం పద్ధతి రెండు విండోలకి బాగానే ఉంటుంది. నాకు మూడు కావాలి.

నెలనెలా 14న జీఎస్టీఆర్-2బీ (మనకి అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపిన బిల్లుల పట్టీ) వస్తుంది, 20లోగా 3బీ (ఆ నెల పన్ను రిటర్ను) వెయ్యాలి. ఆ రోజుల్లో ఎడమ గడిలో 2బీ ఎక్సెల్, మధ్యలో కొనుగోళ్ల లెడ్జరు, కుడివైపు సన్న గడిలో స్కాన్ చేసిన బిల్లు పెట్టుకుంటాను. రైతుల దగ్గర కొన్న జీడి పిక్కలు 2బీలో రావు, రివర్స్ ఛార్జి (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టడం) కాబట్టి వాటి లెక్క వేరు. పేచీ అంతా టిన్నులు, అట్టపెట్టెల బిల్లులతోనే. బిల్లు నంబరులో 0 ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' పడిందా, పక్కపక్కనే ఉంటే ఇట్టే దొరికిపోతుంది. ఆల్ట్-ట్యాబ్ కొట్టుకుంటూ తిరిగితే రెండో విండోకి వెళ్లేసరికి మొదటి నంబరే గుర్తుండదు.

ఇంత మంచిదీ మొదట్లో నన్ను ఏడిపించింది. అన్ని విండోలూ గడుల్లోకి వెళ్తున్నాయి, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఒక్కటే వెళ్లదు. ఎంత లాగినా దానికి గడులే కనపడవు. తీసేసి మళ్లీ వేశాను, గడులు మళ్లీ గీశాను. అవతల షావుకారు "ఏటి బాబూ, ఇంకా అవ్వలేదేటి?" అని కబురు మీద కబురు. చివరికి తేలిందేంటంటే, ఆ సాఫ్ట్‌వేర్ వేసినాయన దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరుచుకునేలా పెట్టి వెళ్లాడు. మామూలు హక్కులతో నడిచే పవర్‌టాయ్స్ అలాంటి విండోను కదపలేదు. పవర్‌టాయ్స్‌ని కూడా ఎప్పుడూ అడ్మినిస్ట్రేటర్‌గానే నడిచేలా సెట్టింగ్ మార్చాను. మరుక్షణం లెడ్జరు వచ్చి మధ్య గడిలో కూర్చుంది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఇదంతా 27 అంగుళాల మానిటర్ ముందు మాట. ఫ్యాక్టరీకి 14 అంగుళాల ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే మూడు గడులు ఇరుకు. బిల్లు నంబరు కనపడితే పన్ను మొత్తం పక్కకి పోతుంది. అక్కడ విండోస్ 11లో విండోస్-జెడ్ నొక్కితే వచ్చే అమరికలతోనే సరిపెట్టుకుంటున్నాను. రెండు విండోలతో పనైపోయేవాళ్లకి ఫ్యాన్సీజోన్స్ అవసరమే లేదు. పెద్ద తెర ఉండి, రోజూ పట్టికలు పోల్చే పనైతే వేసుకోండి. కాకపోతే అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉందో లేదో ముందు చూసుకోండి.